క్యాసెట్లు పాత సామానుకు పోకముందే

సంపాదకుడు గారికి,

గిటారు చరిత్రపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే ఎలక్ట్రిక్ గిటారు రాక్ సంగీతంతోనే వెలుగులోకి వచ్చినట్టు రాయడం సరికాదు. అంతకు పదిహేనేళ్ల ముందే, బృందంలో వెనక కూర్చుని తాళం పట్టే ఆ వాద్యాన్ని శాక్సోఫోనుకు దీటుగా ముందు నిలబెట్టినవాడు చార్లీ క్రిస్టియన్. ఓక్లహోమా సిటీలో పెరిగిన ఈ నల్లజాతి యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరాడు. 1942 మార్చి 2న, పాతికేళ్లకే క్షయతో పోయాడు. ఆ జబ్బుకు మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది ఆ మరుసటి ఏడాది.

తప్పు దిద్దడానికే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అతని వాద్యం మనదాకా ఎలా వచ్చిందో చెప్పాలని రాస్తున్నాను. ఆనాటి 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు. క్లారినెట్ వాయించే గుడ్‌మన్ వాటా, మిగతావాళ్ల వాటా పోగా క్రిస్టియన్‌కు మిగిలేది తరచూ అర నిమిషమో, ఇంకాస్తో. తీరిగ్గా వాయిస్తే అతను ఎలా ఉంటాడో కంపెనీ ప్లేట్లలో పెద్దగా తెలియదు. అది ముఖ్యంగా తెలిసింది జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి పుణ్యమే. 1941లో అతను ప్లేటు మీద గాడి కోసే యంత్రాన్ని మోసుకుని, న్యూయార్క్ హార్లెంలోని జాజ్ క్లబ్బు మింటన్స్ ప్లేహౌస్‌కు వెళ్లేవాడు. తర్వాతి కాలంలో 'స్వింగ్ టు బాప్' అని పేరు పెట్టిన ముక్క అక్కడిదే. దానికి మొదలే లేదు, గిటారు మంచి ఊపులో ఉండగా సూది పడింది. ఇక ఆవర్తనం మీద ఆవర్తనం, కెన్నీ క్లార్క్ డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా దాన్ని తప్పించుకుంటూ, మళ్లీ వెతికి పట్టుకుంటూ సాగుతుంది. ఇందులో ఏ కంపెనీ ప్రమేయమూ లేదు, ఒక కుర్రవాడి సరదా తప్ప.

అలాంటి సరదా మనవాళ్లకూ ఉండేది. మా పెదనాన్నగారు 1980లలో టేపురికార్డరు పట్టుకుని శ్రీరామనవమి పందిళ్ల వెంట తిరిగి, హరికథలు, నాదస్వర కచేరీలు అరవై క్యాసెట్ల దాకా నింపారు. మొన్న పెట్టె తెరిస్తే చాలావాటి టేపుకు తెల్లటి బూజు. ఆడిన ఒకదానిలో నాదస్వరం కల్యాణిలో పైకి ఎక్కుతుండగా, ఎవరో మైకులో ఎడ్లబండి అడ్డం తీయమని కేకేస్తున్నారు. ఆ కేక కూడా నాకు కావలసిందే. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించే దుకాణం మా ఊళ్లో నాకు దొరకలేదు. ఇంట్లోవాళ్లు పాత సామాన్లవాడిని పిలుద్దామంటున్నారు.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో వాయించేనాటికి తొమ్మిదేళ్ల పిల్లవాడు. పాశ్చాత్య తీగవాద్యానికి విద్యుత్తు జోడించి, దాని చేత కర్ణాటక సంగీతం పలికించిన ఆయన 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన చిన్ననాటి కచేరీ ఏదైనా ఎవరింటి అటక మీదైనా ఉంటే, అదీ ఈపాటికి బూజు పడుతూనే ఉంటుంది.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పోతోంది. అందులోంచి ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక మంచి టేపు డెక్కు, ఒక కంప్యూటర్, పని తెలిసిన ఒక మనిషిని ఏర్పాటు చేయాలి. తెచ్చినవారి క్యాసెట్టు వారికి తిరిగి ఇచ్చి, ఒక నకలు గ్రంథాలయంలో ఉంచుకుంటే చాలు. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరు వాయించారన్నది అప్పుడే అడిగి రాసుకోవాలి. పెట్టె మీద చీటీ రాసినవారు ఇప్పుడు డెబ్బైలు దాటి ఉంటారు. మా పెదనాన్నగారు లేరు, ఆ నాదస్వరం ఎవరిదో నాకు తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి