పిల్లలు చెప్పినప్పుడు ఫోన్ లాక్కోకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక కంప్యూటర్ పీరియడ్‌ను ఇంటర్నెట్ భద్రతకు కేటాయించాం. పదో తరగతికి సిలబస్ టెన్షన్ ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. పబ్లిక్ పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్ళలో పిల్లలకు సొంత ఫోన్ కొనిస్తారు. అప్పుడు వాళ్ళు మా క్లాసులో ఉండరు.

మొదటి క్లాసులో మేమే తీయించిన ఒక ఫొటో చూపించి, ఈ అబ్బాయిని ఎక్కడ పట్టుకోవచ్చో చెప్పమన్నాం. ఐడీ కార్డు ట్యాగ్‌ని బట్టి స్కూలు, వెనక కనిపించే మెట్రో పిల్లర్ నంబరుని బట్టి చోటు, భుజాన బ్యాగుని బట్టి స్కూలు వదిలే వేళ అని నిమిషాల్లో చెప్పేశారు. హైదరాబాద్‌లో మనం అడ్రస్ చెప్పేదే పిల్లర్ నంబరుతో కదా! (పిల్లల హాల్ టికెట్లు, మార్కుల మెమోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే పెద్దలకూ ఈ పాఠం పనికొస్తుంది. వాటి మీద పుట్టిన తేదీతో సహా అన్నీ ఉంటాయి.)

ఆ తర్వాత పేరు రాయకుండా చీటీలు రాయమన్నాం. ఆన్‌లైన్‌లో ఎవరైనా బెదిరిస్తే ఇంట్లో చెబుతారా? "చెప్పం" అనే ఎక్కువమంది రాశారు. కారణం ఒక్కటే: "ఫోన్ లాక్కుంటారు."

ఈ ఉత్తరం రాయడం అందుకే. బెదిరించేవాడి పద్ధతి చూడండి. మీ అబ్బాయి వయసే అన్నట్టు ప్రొఫైల్ పెట్టుకుని కొన్నాళ్ళు చాటింగ్ చేస్తాడు. ఒక ఫొటో అడుగుతాడు. ఇవ్వకపోయినా మామూలు ఫొటోనే ఏఐతో మార్చేస్తాడు. డబ్బు పంపకపోతే నీ ఫ్రెండ్స్ అందరికీ పంపిస్తానంటాడు. ఒకసారి పంపితే మళ్ళీ అడుగుతాడు. పిల్లలు ఇంట్లో చెప్పరన్న ధీమాతోనే వాడి ఆట సాగుతుంది. మీ తిట్లకు భయపడి వాళ్ళు నోరు మూసుకుంటే వాడికి అంతకంటే కావలసిందేముంది?

కాబట్టి పిల్లలు వచ్చి చెప్పినప్పుడు ముందు పూర్తిగా వినండి. డబ్బు పంపొద్దు. చాట్, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, కంగారులో అన్నీ డిలీట్ చేయకండి. అవే సాక్ష్యం. తర్వాత బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే దాన్ని మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల ఫొటోల విషయంలో జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. చైల్డ్‌లైన్ 1098 ఎలాగూ ఉంది.

ఇంకో సంగతి మగపిల్లలున్న ఇళ్ళలో గట్టిగానే చెప్పాలి. 18 ఏళ్ళలోపు వారి అశ్లీల చిత్రాన్ని "ఊరికే ఫార్వర్డ్ చేశా" అన్నా నేరమే. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి మీ ఫోన్ తెచ్చుకోండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (మీ ఖాతాకు అదనపు తాళంలా ఉండే పిన్) ఎలా పెట్టాలో పదో తరగతి పిల్లలే చూపిస్తారు. పిన్ మాత్రం వాళ్ళకి చెప్పకండి.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు