టేపులో లేని మూడంగుళాలు

ఒరేయ్ సూరీ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఆషాఢంలో జవాబు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. మధ్యలో ఒకసారి మొదలుపెట్టాను. సగం రాసిన కాగితాన్ని వాణి సరుకుల చీటీ అనుకుని సంచిలో వేసుకుని పోయింది. ఆ కొట్టువాడు నీ పేరు చదివి ఇదేం పప్పు అనుకున్నాడో ఏమో.

మామూలు కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తాను. అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది, టీవీలో వార్తలు చదివే అమ్మాయి కమ్మల్లో రాళ్ళు కూడా లెక్కపెడుతోంది. నా ఉద్యోగం ఉంది. కోడంబాక్కంలో మెట్రో దుమ్ము ఉంది. పెద్దాయన ఫోను చేసి నీ బాకీ సంగతి అడిగాడు. ఏ బాకీయో నీకు తెలుసు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. అయిపోయాయి. ఇక అసలు సంగతి: మేం పరుపు కొన్నాం.

పరుపుకు ఇంత ఉత్తరమా అంటావు. పద్నాలుగో నంబరు గదిలో నాలుగేళ్ళు చాప మీద పడుకున్నవాడివి, నీకు ఇదంతా డాబుగానే ఉంటుంది. మేక సంగతి నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు. విను.

మా పాత పరుపు నీకు గుర్తుండాలి, పెళ్ళికి మామగారు చేయించింది. తెనాలిలో దూదేకులవాళ్ళను ఇంటికి పిలిపించి, అరుగు మీద బూరుగు దూది ఏకించి, దగ్గర కూర్చుని కుట్టించారు. ఏడేళ్ళలో అది నడుమ గుంటపడింది. ఎవరు ఎటు పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరం గుంటలోనే తేలేవాళ్ళం. మొదటి ఏడాది అదొక సదుపాయం అనుకున్నాం. ఏడో ఏడు వచ్చేసరికి నేను లేవాలంటే ముందు పక్కకు దొర్లి, మోకాలు నేలకు ఆనించి, గోడ పట్టుకోవలసి వస్తోంది. మళ్ళీ ఏకించి కుట్టిద్దామంటే మా చుట్టుపక్కల ఏకేవాళ్ళు దొరకలేదు.

ఇక్కడ ఆడి మాసం వచ్చిందంటే ఉస్మాన్ రోడ్డు పొడుగునా 'ఆడి తళ్ళుపడి' బోర్డులే. అంటే మన ఆషాఢం తగ్గింపు. కొత్త దంపతులను విడదీసే నెలలో పరుపుల ధర తగ్గించిన మహానుభావుడెవరో గాని, వాడికి దణ్ణం పెట్టాలి.

కొట్టు రెండో అంతస్తులో ముప్పై పరుపులు పరిచి ఉన్నాయి. అమ్మే కుర్రవాడు తమిళం కలిసిన తెలుగులో "చెప్పులు విప్పి పడుకోండి సార్, మేడం కూడా" అన్నాడు. నా మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. ఎదురుగా సోఫాలో ఒక మామి కూర్చుని మమ్మల్నే చూస్తోంది. నలుగురి మధ్య పెళ్ళాం పక్కన వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటం ఎంత ఇబ్బందో నీకెలా చెప్పను! చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఛాతీ మీద పెట్టుకుంటే శవంలా ఉన్నావని వాణి నవ్వడం మొదలుపెట్టింది.

మెమరీ ఫోము అట, 1966లో నాసా వాళ్ళ విమానం సీట్ల కోసం పుట్టిందట. చెయ్యి నొక్కి తీస్తే అయిదు వేళ్ళూ అచ్చుపడి మెల్లగా పూడుకున్నాయి. చూడటానికి బాగానే ఉంది గాని, ఒంటి వేడిని పట్టుకుని కూర్చునే రకం. మద్రాసు ఉక్కలో దాని మీద పడుకోవడమంటే ఇడ్లీపాత్రలో పడుకోవడమే. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ మెత్తగా ఎగదన్నుతుంది, ధర అంతకంటే గట్టిగా ఎగదన్నింది. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసిన కాయర్ మీద పడుకుంటే మన హాస్టలు బల్ల గుర్తొచ్చింది. మామి మాత్రం దానికే ఓటు వేసింది, నడుముకు అదే మంచిదని. ఎవరూ అడగలేదు.

స్ప్రింగులవాటిలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి, నేను ఇటు దొర్లితే వాణి అటు ఎగిరింది. రెండోదాంట్లో ఒక్కో స్ప్రింగుకు ఒక్కో గుడ్డసంచి, దేనిది దానికే. కుర్రవాడు "దొర్లండి సార్" అన్నాడు, దొర్లాను. "ఇంకా" అన్నాడు, ఇంకా దొర్లాను. వాణిలో చలనం లేదు. ఎంత మంచి పరుపు అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ నిద్రపోయింది రా! మామి వేలు పెదవుల మీద పెట్టి నన్ను కదలొద్దంది. పది నిమిషాలు, చిల్లు మేజోడుతో, అలాగే పడి ఉన్నాను. కాబట్టి ఎంపిక మేం చేసింది కాదు, జరిగిపోయింది.

ధర 36,000. దీపావళికి ఇంకా తగ్గుతుందేమో ఆగుదామని నేనంటే కొట్టు పెద్దాయన తమిళ సామెత ఒకటి వదిలాడు, 'ఇలవు కాత్త కిళి' అని. బూరుగు కాయ పండుతుందని చిలుక కాచుకు కూర్చుందట, కాయ పగిలితే దూది ఎగిరిందట. పరుపుల కొట్టులో ఇంతకంటే మంచి సామెత ఎవరికి దొరుకుతుంది చెప్పు.

డబ్బు సంగతి మాట్లాడుకోవడానికి పానగల్ పార్కుకు వెళ్ళాం. ఆ పానగల్లు రాజా మన తెలుగాయనే, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. ఆయన పేరిట ఉన్న ఆ పార్కులో చెట్టు కింద మా బడ్జెట్ సమావేశం జరిగింది. మాకు ఉమ్మడి ఖాతా లేదని నీకు తెలుసుగా. ఏ వస్తువైనా ఎవరి వాటా వారిది. చెరి సగం అన్నాను. "నీ బరువు 84, నా బరువు 52. పరుపును ఎవరు ఎక్కువ అరగదీస్తారు?" అంది. ఫోను తీసి లెక్క కట్టింది: కిలోల చొప్పున నా వాటా 22,235, తనది 13,765. నేను ఊరుకుంటానా? అమెరికావాళ్ళ ఫోన్ల పుణ్యమా అని నేను పడుకునేది 5 గంటలు, ఆవిడ 8 గంటలు. బరువును గంటలతో గుణించమన్నాను. నాది 420, ఆవిడది 416! సూరీ, నమ్ము, వేరుశనక్కాయలవాడు కూడా ఆగి విన్నాడు. చివరికి చెరి సగమే తేలింది. ఆ నాలుగు కిలోగంటలకు గాను వేరుశనక్కాయలు నా చేత కొనిపించింది.

కొట్టులో వడ్డీ లేని వాయిదాలు అన్నారు, నెలకు 6,000 చొప్పున 6 నెలలు. వాణి కాగితం లాక్కుని చదివింది. అందులో బ్యాంకు 1,524 వడ్డీ వేస్తుంది, ఆ మేరకు కొట్టువాడు ముందే ధర తగ్గించి చూపిస్తాడు. కాని వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 274, మన నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు వేరే. "వడ్డీ కోసం తగ్గించేదేదో మాకే తగ్గించండి, ఇప్పుడే మొత్తం ఇచ్చేస్తాం" అంది. పెద్దాయన కాసేపు నన్ను జాలిగా చూసి 34,500కు దిగాడు. రెండు ఫోన్లు, రెండు యూపీఐ చెల్లింపులు, ఒక్కొక్కటి 17,250. బిల్లు ఎవరి పేరున అని అడిగితే ఇద్దరి పేర్లూ రాయించింది.

ఇంతవరకు నేనే గెలిచాననుకున్నాను.

మర్నాడు పరుపు వచ్చింది. పైన ప్లాస్టిక్ చింపి మంచంలో దింపాం. తల వైపు సరిపోయింది, కాళ్ళ వైపు చెక్క మీదకు పడవ అంచులా లేచి నిలబడింది. ఇద్దరం ఎక్కి తొక్కాం, దిగలేదు. వెడల్పు ఆరడుగులని ముందే తెలుసు. పొడవు నేనే కొలిచాను, 78 అంగుళాలు, రెండుసార్లు! వాణి నా చేతిలో టేపు చూసి, "మీరు దీనితో కొలిచారా?" అంది. మామూలుగా నన్ను 'నువ్వు' అంటుంది. 'మీరు' వచ్చిందంటే పిడుగు దగ్గరలో ఉన్నట్టు.

అది మామగారి ఇనుప టేపు. మొదటి మూడంగుళాలు ఎప్పుడో విరిగిపోయాయి. అంకెలు 4 నుంచి మొదలవుతాయి. నేను అవతలి కొస చూశాను గాని ఇవతలి కొస ఎవరు చూస్తారు? మంచం లోపలి కొలత 75. లేటెక్స్ అయితే కత్తితో కోసేసేవాళ్ళం, స్ప్రింగుల పరుపును ఎక్కడని కోస్తాం! కొట్టువాళ్ళు ప్లాస్టిక్ చింపితే మార్చం అన్నారు. తప్పు మాదేగా.

ఆ రాత్రి వాణి పాత పరుపు హాల్లోకి ఈడ్చుకుపోయి పడుకుంది. కోపం అనుకుని నేను వెళ్ళలేదు. రెండింటికి మంచినీళ్ళకు లేస్తే, ఆ గుంటలో ముడుచుకుని, టేపు లాగుతూ వదులుతూ కూర్చుని ఉంది. "నాన్న కొలిచినప్పుడల్లా పైకి అనేవారు, 'మూడు తీసెయ్యమ్మా' అని. ఎవరికైనా తెలుసనే అనుకున్నాను" అంది. ఏడేళ్ళలో నాకు ఒక్కసారీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదన్నమాట, అంత... సరేలే. నేనూ ఆ గుంటలోనే పడుకున్నాను. నడుము ఇంకా పట్టే ఉంది.

ఇప్పుడు గొడవ వడ్రంగి కూలి మీద. కాళ్ళ వైపు చెక్క ఊడదీసి మూడంగుళాలు జరపడానికి 2,800 అడిగాడు. కొలిచింది నేను కాబట్టి మొత్తం నాదే అంటుంది. టేపు మీవాళ్ళది అంటాను. కిలోగంటల లెక్క దీనికి పనికిరాదు. నువ్వే తీర్పు చెప్పు, కాని నా వైపే

ఆగు, బెల్లు మోగింది. వడ్రంగే. తన టేపు మరచి వచ్చాడట. వాణి వంటింట్లో ఉంది, అమ్మ లోపలి నుంచి మామగారి టేపు తెచ్చి అతని చేతిలో పెడుతోంది. ఉంటాను రా, పరుగెత్తాలి.

నీ
ప్రసాదు