ముందు టేపు, తర్వాతే ప్లాను

మా దగ్గర ఇంటి ప్లాన్లు గీయించుకునే వారందరికీ ఒక మాట. ఈ నెల నుంచి స్థలం కొలవకుండా పర్మిషన్ డ్రాయింగ్ మొదలుపెట్టం. దస్తావేజు ఫొటో వాట్సాప్‌లో పంపితే గీసిచ్చే పద్ధతి ఆపేశాం. ప్లాను మీ చేతికి రావడం మూడు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. అది ముందే చెబుతున్నాం.

ఎందుకో చూడండి. 40×54 అడుగుల ప్లాటు అంటే 240 గజాలు, చదరపు మీటర్లలో 200.67. తెలంగాణలో ఇళ్ల నిర్మాణ నిబంధనలు చెప్పే జీవో 168లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) పట్టిక సరిగ్గా 200 చదరపు మీటర్ల దగ్గర మారుతుంది. 10 మీటర్ల ఎత్తు ఇంటికి 200 లోపు పక్కలా వెనకా మీటరు వదిలితే చాలు, దాటితే మీటరున్నర. రెండు పక్కలా కలిపి మీటరు పోతే పదకొండు అడుగుల బెడ్‌రూం ఎనిమిది లోపుకు వస్తుంది. అదే ప్లాటులో పక్కింటి ప్రహరీ నాలుగంగుళాలు లోపలికి వచ్చి ఉంటే విస్తీర్ణం 199కి దిగుతుంది, లెక్కంతా మారిపోతుంది. దస్తావేజు కొలతకీ నేల కొలతకీ తేడా వస్తే తక్కువదే ప్లానులో చూపిస్తాం.

నాలుగు వైపులా కొలిస్తే సరిపోదు, మూల నుంచి మూలకి కూడా పట్టాలి. 40×54లో అది 67 అడుగుల 2 అంగుళాల పైచిలుకు రావాలి. రాలేదంటే ప్లాటు వంకర ఉన్నట్టే.

రోడ్డు ఇంకా ముఖ్యం. ముందున్నది 20 అడుగుల గల్లీ అయితే, దాన్ని 30 అడుగులకు వెడల్పు చేయడానికి సరిపడా రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు వదలాలి. అంటే మీ స్థలంలో ఐదడుగులు పోతుంది, సెట్‌బ్యాక్ కొలత అక్కడి నుంచే మొదలవుతుంది. 40 అడుగుల ముఖం ఉంటే 22 గజాలు పోయినట్టు.

ఇంకోటి. ఆఫీసుకు ఒక ప్లాను, మేస్త్రీకి ఒక ప్లాను గీయమని అడగకండి. మెట్లు పక్క సెట్‌బ్యాక్‌లోకి జరపాలంటే మేం చేయం. 75 గజాలు దాటి 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు తెలంగాణ ఇళ్ల పర్మిషన్ల చట్టమైన 2020 టీఎస్-బీపాస్ కింద స్వీయ ధ్రువీకరణ మీదే పర్మిషన్ వెంటనే వస్తుంది. తప్పు ఆ రోజు ఎవరి కంటా పడదు. తర్వాత తనిఖీలో తేలితే నోటీసు లేకుండానే కూల్చే వీలు ఆ చట్టంలో ఉంది. ధ్రువీకరించింది మీరే, అప్పటికి శ్లాబు పడి ఉంటుంది.

చెరువు, నాలా దగ్గరుంటే ముందే చెప్పండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. అందులో గీసి లాభం లేదు.

మేం వచ్చే రోజుకు సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ (స్థలం మీద లావాదేవీల సర్టిఫికెట్), లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్ దగ్గర పెట్టుకోండి. తుప్పలు కొట్టించి నాలుగు హద్దురాళ్లూ కనబడేలా ఉంచండి.