కిడ్నీ ఇచ్చేవారితో ఒంటరిగా మాట్లాడండి

సంపాదకులకు నమస్కారం.

వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం అనంతపురం వెళ్లివస్తున్న మా తమ్ముడికి నా రక్తం గ్రూపు సరిపోతుందని తెలిసిన రోజు నుంచి, ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ‘ఒక కిడ్నీతోనైనా బతకొచ్చులేమ్మా’ అంటూ నా నిర్ణయాన్ని తామే తీసేసుకున్నారు. ఆ మాట అబద్ధం కాదు. మిగిలిన కిడ్నీ చాలావరకు ఆ భారం మోస్తుంది, ఎక్కువమంది దాతలు ఆరోగ్యంగానే ఉంటారు. కానీ బీపీ పెరిగే అవకాశం ఉందనీ, తర్వాత గర్భం దాలిస్తే ముప్పు కొంత హెచ్చుతుందనీ, ఏటా కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష తప్పవనీ, ఒళ్లునొప్పుల మాత్రలు ఇష్టానుసారం మింగకూడదనీ నేను అడిగితే తప్ప ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు. వేరుశనగ పొలంలో కూలికి వెళ్లే మనిషికి ఆ రోజుల తిండి ఎవరు పెడతారు?

అవయవ మార్పిడిపై 1994లో వచ్చిన చట్టం దాత స్వచ్ఛందంగా ఒప్పుకోవాలని చెబుతోంది. సొంత మనిషికి ఇద్దామన్నా గ్రూపు కలవని దాతలున్న రెండు కుటుంబాలు పరస్పరం కిడ్నీలు మార్చుకునే వీలును 2011 సవరణ కల్పించింది. ఇది చాలామందికి తెలియదు.

చివరకు నేను ఇవ్వడానికే నిశ్చయించుకున్నాను, అదీ ఒక డాక్టరమ్మ అందరినీ బయటకు పంపి, ‘వద్దనుకుంటే ఇప్పుడైనా చెప్పవచ్చు, కారణం బయటపెట్టం’ అన్న తర్వాతే. అటువంటి ఏకాంత సంభాషణను ప్రతి ఆసుపత్రీ, ముఖ్యంగా భార్యలూ తల్లులూ అక్కచెల్లెళ్లూ దాతలుగా వచ్చినప్పుడు, తప్పనిసరి చేయాలని వేడుకుంటున్నాను.

– ఒక అక్క, అనంతపురం జిల్లా