నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిచేవారికి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మన తెలుగు పిల్లలు చాలామంది మొదటి ఈమెయిల్ ఖాతా నెట్ సెంటర్‌లోనే తెరుస్తారు. పాస్‌వర్డ్ సెంటర్ వాళ్లు పెట్టి కాగితం మీద రాసిచ్చారంటే, ఇంటికెళ్లగానే మార్చుకోవాలి. రికవరీ నంబరు, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరవడానికి ఇచ్చే ఫోన్ నంబరు, కూడా చూసుకోండి. అది వేరేవాళ్లదైతే ఖాతా వాళ్ల చేతిలో ఉన్నట్టే.

అసలు భయం ఆధార్‌తోనే. ప్రింటు తీశాక కూడా ఈ-ఆధార్ పీడీఎఫ్ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. దాని పాస్‌వర్డ్ ఏమిటంటే, పేరులో మొదటి 4 ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, వాటి వెంట పుట్టిన సంవత్సరం. ఆ రెండూ ప్రతి దరఖాస్తులోనూ ఉంటాయి! డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా దగ్గరుండి ఖాళీ చేయించండి.

విండో మూసేసినంత మాత్రాన మెయిల్ మూతపడదు, సైన్ అవుట్ నొక్కాలి. మరిచిపోతే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీకి వెళ్లి, డివైజుల జాబితాలో ఆ కంప్యూటర్‌ను ఫోన్ నుంచే సైన్ అవుట్ చేయొచ్చు.

బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) వెబ్ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు 2025లో ఆదేశించింది. లింకులో ఆ ముక్క తర్వాత వెంటనే ఇంకో చుక్క, మరో పేరు ఉంటే అది దొంగ లింకు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసంలో డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

ప్రతి నెట్ సెంటర్ గోడ మీదా ఈ జాగ్రత్తలు ఒడియాతోపాటు తెలుగులోనూ రాయించాలని జిల్లా అధికారులను కోరుతున్నాం.

— కంప్యూటర్ శిక్షకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా