తప్పంతా కుర్రకారుదేనా?

సంపాదకులకు,

'ఈ కాలం పిల్లలకు మర్యాద లేదు' అనడం మనకు ఊతపదమైపోయింది. నేనూ అరవై దాటినవాడినే. హైదరాబాద్ సిటీ బస్సుల్లో తిరుగుతుంటాను. బస్సంతా వినిపించేలా ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లలో నా ఈడువాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఇంటర్ పిల్లలను మాత్రం 'లోకంతో పనిలేదు వీళ్లకు' అని ఆడిపోసుకుంటాం. మొన్న ఒక పెద్దాయన చిల్లర దగ్గర గొడవపడి కండక్టరమ్మను 'ఏమే' అన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. అదే మాట పదహారేళ్ల కుర్రాడు అని ఉంటే పెంపకం దాకా వెళ్లేవాళ్లం. వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయి 'తాతయ్యా, ఆమెను అలా అనకండి' అంది. అందుకు ఆ అమ్మాయికి దక్కిన బిరుదు 'పొగరుబోతు'!

మైనర్లు బైకులతో రోడ్డెక్కడం తప్పే, కాదనను. తాళాలు ఇచ్చిందెవరు? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అలాంటి కేసుల్లో తల్లిదండ్రులకో వాహన యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా అంటోంది. ఆ ఊసు ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

బస్సుల్లో ఫోన్ స్పీకర్లు వద్దని ఆర్టీసీ బోర్డులు పెట్టాలి. కళ్లజోడు మర్చిపోయి వచ్చే మావాళ్లకూ కనిపించేంత పెద్ద అక్షరాలతో.

- ఒక సీనియర్ సిటిజన్, హైదరాబాద్