పండు కళ్ళు బాగున్నాయమ్మా

లీడ్స్,
ఆదివారం రాత్రి

అమ్మా, నాన్నా,

ఇక్కడ మేం నలుగురం బాగానే ఉన్నాం. ఇదంతా ఫోన్లో చెబుదామంటే అమ్మ సగంలోనే ఏడుపు మొదలుపెడుతుంది, నాన్న స్పీకర్ ఆన్ చేసి బ్రాడీపేట మొత్తానికీ వినిపిస్తాడు. మా కింద ఫ్లాట్ వాళ్ళు బుధవారం గుంటూరు బయల్దేరుతున్నారు, వాళ్ళ చేతికిచ్చి పంపుతున్నా. నిదానంగా చదవండి.

ఆఫీసు మామూలే. మేనేజరు మళ్ళీ మారాడు. మీ అల్లుడికి నైట్ షిఫ్టులు తగ్గాయి.

ముందు పండు సంగతి. వీడియో కాల్లో నువ్వు "దీని కన్ను మెల్లగా ఉందేమిటే" అన్న రోజు నుంచి నాకు నిద్ర లేదమ్మా. అత్తయ్యగారేమో మెల్లకన్ను అదృష్టం, నలుగురి నోళ్ళలో పెట్టకండి అన్నారు. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మెల్ల కాదు. ముక్కు దూలం ఇంకా చదునుగా ఉంది కదా, కంటి లోపలి మూలన చర్మం తెల్లగుడ్డుని కొంచెం కప్పేసి అలా అనిపిస్తుందట. చిన్న టార్చి వేసి చూపించింది అక్కడి ఆవిడ. ఆ వెలుగు చుక్క రెండు కంటిపాపల్లోనూ సరిగ్గా ఒకే చోట పడింది. మెల్ల ఉంటే ఒక కంట్లో చుక్క పక్కకి జరుగుతుందట. పుట్టిన రెండు మూడు నెలల దాకా కళ్ళు అప్పుడప్పుడు అటొకటి ఇటొకటి పోయినా ఫరవాలేదు, నాలుగు నెలలు దాటాక కూడా పోతుంటే మాత్రం చూపించాల్సిందే అంది. పండుకి ఐదు నిండాయి. కాబట్టి నువ్వు అడగడం తప్పేమీ కాదు. ఆ రోజు ఫోన్ పెట్టేసినందుకు కోపం పెట్టుకోకు.

మాట రాని పిల్లకి చూపు ఎలా కొలుస్తారా అని నాకూ అనుమానమే. దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ ఎదురుగా ఒక పొడవాటి బూడిదరంగు అట్ట ఎత్తి పట్టుకుంది. ఒక పక్క నల్లతెల్ల చారలు, రెండో పక్క ఉత్త బూడిద, మధ్యలో బఠాణీ గింజంత కన్నం. ఆ కన్నంలోంచి ఆవిడ పండు కళ్ళనే చూస్తోంది. మన పిల్ల కళ్ళు ఠక్కున చారల వైపు పోయాయి! ఇంకో అట్ట, ఇంకా సన్న చారలు. అటు తిప్పి, ఇటు తిప్పి. చారలు మరీ సన్నబడి బూడిదలో కలిసిపోయేసరికి పండు ఎటూ చూడక నా గాజులు పట్టుకుంది. అంతే, పరీక్ష అయిపోయింది. పసిపిల్లలు ఖాళీదాన్ని వదిలేసి గీతలున్నదాన్నే చూస్తారని రాబర్ట్ ఫాంట్జ్ అనే ఆయన రాశాడట, తర్వాత డేవిడా టెల్లర్ అనే ఆవిడ దాన్నే ఇలా అట్టల పరీక్షగా చేసిందట. పాపాయిని ఏమీ అడక్కుండానే దాని జవాబు రాబట్టారు, చూశావా.

ఇంకొకటి చెప్పింది, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పుట్టిన పిల్లకి జానెడు నుంచి జానాబెత్తెడు దూరం వరకే కాస్త నయంగా కనిపిస్తుందట, మిగతాదంతా మసకేనట. పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేది సరిగ్గా అంత దూరంలోనే.

కాటుక డబ్బీ అందింది. కంట్లో పెట్టడం లేదమ్మా, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందంటున్నారు. అరికాలికీ చెంపకీ దిష్టిచుక్క మాత్రం రోజూ పెడుతున్నా. అలగకు.

ఇక చిన్ను సంగతి. అసలు ఈ ఉత్తరం దీని కోసమే.

ఇక్కడ నాలుగైదేళ్ళ పిల్లలకి స్కూల్లోనే కళ్ళు చూస్తారు. వాడి చేతికి కొన్ని అక్షరాలున్న అట్ట ఇచ్చి, ఎదురుగా మూడు మీటర్ల దూరంలో ఒక్కో అక్షరం చూపిస్తే, అదే అక్షరం మీద వీడు వేలు పెట్టాలి. చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు. కుడి కన్నుతో గబగబా అన్నీ చూపించాడట. కుడి కన్ను మూయగానే ఆ మూతని తోసేసి, నాకు ఆట వద్దన్నాడట. ఆ చీటీ బ్యాగులో నలిగిన అరటిపండు కింద దొరికింది నాకు, రెండు రోజుల తర్వాత.

ఆస్పత్రిలో చుక్కల మందు వేశారు, నల్లపాపలు పెద్దవయ్యాయి. చీకటి గదిలో కంట్లోకి వెలుగు వేసి, అద్దాలు మార్చి మార్చి పెట్టి పవర్ రాసేశారు. అందుకు కూడా పిల్లాడు ఒక్క మాట చెప్పక్కర్లేదు. కుడి కంటికి దాదాపు ఏమీ లేదు, ఎడమ కంటికి ప్లస్ మూడున్నర. ఒక కన్ను బొమ్మ స్పష్టంగా పంపిస్తోంది, రెండోది మసకగా పంపిస్తోంది, మెదడు మసకదాన్ని పక్కన పెట్టేసింది. లేజీ ఐ అంటారు. పైకి వీడి కన్ను శుభ్రంగా ఉంటుంది, మెల్ల లేదు, పిల్లాడు పడిపోడు, టీవీ దగ్గరగా జరగడు. నాలుగున్నరేళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెంచాను, నాకు తెలియలేదు.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఫోన్ ఇచ్చినందుకు రాలేదమ్మా. డాక్టర్నే అడిగాను, రెండుసార్లు. రెండు కళ్ళ పవర్లో తేడా వల్లే, ఫోన్ వల్ల కాదంది. క్యారెట్ పెట్టనందుకూ కాదు.

ఇప్పుడు కళ్ళజోడు పెట్టాం. నాలుగు నెలలు అదొక్కటే, నిద్రలేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. కొందరికి దానితోనే చాలావరకు కోలుకుంటుందట. చాలకపోతే బాగున్న కన్నుకి రోజూ రెండు గంటలు ప్యాచ్ అంటించి, మందంగా ఉన్న కన్ను చేత పని చేయించాలి. పిల్లిపిల్లలకి పుట్టిన కొత్తలో ఒక కన్ను మూసేస్తే, తర్వాత తెరిచినా మెదడు ఆ కంటి మాట వినదని కనిపెట్టిన ఇద్దరికి, హ్యూబెల్, వీజెల్ అట, 1981లో నోబెల్ వచ్చింది. అందుకే ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే బాగా లొంగుతుందంటారు. పెద్దయ్యాక ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా అంతగా లొంగదట. మనవాడికి ఇంకా టైముంది. టెన్షన్ పడకండి.

నాన్నా, ఇది నీకు. డాక్టర్ అడిగింది, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి ఒక కన్ను మందంగా ఉందా అని. లేదన్నాను. బస్సులో సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, కన్ను వల్ల నీకు తప్పిపోయిన ఆ పోలీసు సెలక్షన్ సంగతి. "నా ఎడమ కన్ను పుట్టుకతోనే అంత" అని నవ్వేసేవాడివి. మేమూ నవ్వేవాళ్ళం. షటిల్ నీ మీదుగా పోతుంటే అన్నయ్య ఎంత ఏడిపించేవాడు నిన్ను! రెండు కళ్ళూ కలిసి చూస్తేనే లోతు సరిగ్గా తెలుస్తుందట. నువ్వు చెంబు అంచు గ్లాసుకి ఆనిస్తేగానీ పాలు ఒంపవు. టంగుమని చప్పుడు, వెంటనే అమ్మ "మెల్లిగా, గ్లాసులు సొట్టలు పడుతున్నాయి" అనడం. ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్నే విన్నాను ఆ చప్పుడు. నీ కన్ను సంగతి నాకు ఖాయంగా తెలుసని కాదు, ఒకసారి చూపించుకుంటే తెలుస్తుంది. మర్నాడే ఆస్పత్రికి ఫోన్ చేసి మా నాన్నకి కూడా అలాగే ఉండొచ్చని రాయించాను. నీకు నాలుగేళ్ళప్పుడు ఎవరైనా ఒక కన్ను మూసి, ఆ అక్షరం ఏదిరా అని అడిగి ఉంటే మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళ లెక్కలు ఉండేవి కావేమో. అప్పుడు నేనూ ఇక్కడ ఉండేదాన్ని కాదేమోలే.

అన్నయ్యకి చెప్పండి, బుజ్జిదానికి మూడేళ్ళు నిండాయి, ఇలాంటివి ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికీ రావచ్చట. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళమను, లేదంటే విజయవాడ వెళ్ళినప్పుడు తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళది ఉంది. "బాగానే చూస్తోందిగా" అంటాడు వాడు. చిన్నుగాడూ బాగానే చూశాడు.

గోంగూర పచ్చడి పోయినసారిది ఇంకా ఉంది, పంపొద్దు. పండుమిర్చి కారం ఐపోయింది.

చిన్ను కళ్ళజోడు నీలం రంగుది. వాడే ఎంచుకున్నాడు. తాతయ్యది గోధుమరంగు కదా, మార్చుకుందామని అడుగుతున్నాడు.

నాన్నా, నువ్వు గ్లాసుకి ఆనించే ఒంపు. అమ్మని ఏమన్నా అననీ.

మీ
సుజ్జి